అక్క నోటి మాట

అక్క రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివేది. పద్దెనిమిదేళ్లుగా ఏ రైలు ఎప్పుడొస్తుందో, ఎందుకు ఆలస్యమైందో ఊరందరికీ ఆమె గొంతే చెప్పింది. ఒక మధ్యాహ్నం మైకు ముందు "రెండో నంబరు..." అని ఆగిపోయింది. ప్లాట్‌ఫాం అన్న మాట ఎంత తడుముకున్నా దొరకలేదు. చివరికి "రెండో నంబరు అరుగు మీదికి" అని ముగించింది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి పడీపడీ నవ్వింది. చెల్లెలూ నవ్వింది. మర్నాడు అక్క ఉప్పు డబ్బా వైపు వేలు చూపించి "ఆ తెల్లది ఇటివ్వు" అన్నప్పుడు మాత్రం చెల్లెలికి నవ్వు రాలేదు.

స్కాన్ తీస్తే మెదడులో గడ్డ అని తేలింది, అదీ మాట పుట్టే చోటుకి ఆనుకుని.

"మెలకువగా ఉంచే ఆపరేషన్ చేస్తాం," అన్నాడు సర్జన్. "నొప్పి తెలియదు. మేం బొమ్మలు చూపిస్తుంటాం, ఆవిడ పేర్లు చెబుతుండాలి. ఎక్కడ మాట ఆగితే అక్కడ చెయ్యి పెట్టం."

"మాట పోదుగా?" అంది చెల్లెలు.

"పోకూడదనే ఇదంతా. కానీ హామీ ఇవ్వలేనమ్మా."

ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. బావ పోయి చాలా కాలమైంది. చెల్లెలు పెళ్లి చేసుకోలేదు, ముందు గదిలో మిషను వేసుకుని కర్టెన్లు కుడుతుంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు అక్క పైకే ప్రార్థన చేసేది. చెల్లెలిది వెనకాల ఆమెన్ అనే వరస. ఆ ఇంటి భక్తంతా అక్క మోస్తుంటే తను నీడలో నడిచినట్టు ఉండేది.

సాధన చేయమని ఆసుపత్రి వాళ్లు బొమ్మల కార్డులిచ్చారు. నిచ్చెన, గొడుగు, కత్తెర. కొన్నింటి దగ్గర అక్క ఆగిపోయేది. అలా రాని కార్డులు చెల్లెలు ఒక్కొక్కటే తీసి మిషను సొరుగులో దాచడం మొదలుపెట్టింది. నాలుగో రోజు అక్క కనిపెట్టేసింది.

"బొమ్మలు దాచేస్తే గడ్డ కూడా దాక్కుంటుందటే పిచ్చిదానా?"

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు పొద్దున, ప్రార్థనకి కళ్లు మూసుకున్న అక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. చెల్లెలు కళ్లు తెరిచి చూసింది. అక్క పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. రోజూ మొదట పలికే "ప్రభువా" అన్న మాటే రావట్లేదు. అందిద్దామనుకుంది చెల్లెలు. భయంతో నాలుక లేవలేదు. కాసేపటికి అక్క "నువ్వు..." అంది. ఆ ఒక్క పిలుపుతోనే మిగతా ప్రార్థనంతా చేసింది.

"ఆయన పేరు కూడా పోతే ఇంక మనకేం మిగులుతుందే?" చెల్లెలు ఏడ్చేసింది.

"నేను మర్చిపోయాను సరే. ఆయన నన్ను మర్చిపోతాడా?" అంది అక్క. చెల్లెలి కళ్లు తుడిచి, "నాకూ భయంగానే ఉందే. వాళ్లు చెయ్యి పెట్టేది నా తలలో కదా," అంది.

ఆపరేషన్ రోజు వచ్చింది. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ మీంచి అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఇవాళ నువ్వు అడుగు."

తలుపు మూసుకుంది. చెల్లెలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తన నోటితో తాను దేవుణ్ణి ఎప్పుడూ ఏమీ అడిగి ఎరగదు. గంటన్నర గడిచాక గొంతు పెగిలింది.

"నాకు భయంగా ఉంది. కాదంటావేమోనని అడగడానికే భయం. అయినా అడుగుతున్నా. మా అక్కనివ్వు. మాట లేకపోయినా సరే, మనిషినివ్వు." అన్న వెంటనే అనుమానం వచ్చింది. మాట అక్కర్లేదనుకుంటాడేమో! "మాట కూడా కావాలి," అని గబగబా కలిపింది. పక్క కుర్చీలో కూర్చున్న మనిషెవరో తలతిప్పి చూశాడు. చూడనీ అనుకుంది.

అయిదు గంటల తర్వాత సర్జన్ వచ్చాడు. గడ్డ చాలావరకు తీశారు. ఒక చోట మాట ఆగిపోవడంతో చిన్న ముక్క వదిలేశారు.

తొమ్మిది రోజులు అక్క నోట మాట రాలేదు. మెదడు వాపు వల్ల కావచ్చు, చూద్దామన్నారు డాక్టర్లు. చెల్లెల్ని చూసేది, చెయ్యి నొక్కేది, అంతే. ఆరో రోజు చెల్లెలికి దేవుడి మీద కోపం వచ్చింది. "వింటున్నావా అసలు?" అని ఆసుపత్రి కారిడార్లో నిలబడి అడిగింది. మర్నాడు మళ్లీ అడిగింది. మానేస్తే తనకింక పట్టుకోవడానికేమీ ఉండదని తెలుసు.

పదో రోజు నర్సు జ్వరం చూస్తుంటే అక్క "చలి" అంది. నర్సు దుప్పటి తేవడానికి వెళ్లింది. చెల్లెలు అంతదాకా ఆగలేక తన కొంగు తీసి అక్క మీద కప్పింది.

మాటలు సగానికి పైగా తిరిగొచ్చాయి. మైకు దగ్గరికి మాత్రం అక్క మళ్లీ వెళ్లలేదు, స్టేషన్లోనే రికార్డుల గదిలో పని ఇచ్చారు. మూడు నెలలకి స్కాన్ తీశారు. మిగిలిన ముక్క పెరగలేదు. మరో మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు.

బయటికొచ్చాక ఇద్దరూ కాసేపు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత బస్సెక్కారు.