వైర్లు లేని పెట్టె

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో, ఆ మూడో అంతస్తు హాల్లో, నడిమి స్తంభానికి ఒక తెల్ల పెట్టె ఉండేది. అరచేతంత పెట్టె. పైన అంకెలు, కింద రెండు బటన్లు. ఒకటి నొక్కితే అంకె పెరుగుతుంది, ఇంకోటి నొక్కితే తగ్గుతుంది. పెట్టె నుదుటి మీద ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ బొట్టు. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకీ ప్రింటరుకీ పెట్టినట్టే దానికీ పెట్టారు. ఆ మాటకొస్తే ప్రింటరు కంటే దానికే పెద్ద బొట్టు పెట్టారు. హాల్లో పనిచేసే ఇరవై ఇద్దరు ఆడవాళ్ళ చలీ ఉక్కా దాని చేతిలోనే ఉన్నాయని అందరి నమ్మకం.

ఆ స్తంభానికి ఒక పక్క తేన్మొళి కూర్చునేది, రెండో పక్క కనకవల్లి.

తేన్మొళికి ఇరవై నాలుగేళ్ళు, ఏడు నెలల కూతురు. ప్రసవం సెలవయ్యాక మళ్ళీ పనిలో చేరి రెండు నెలలైంది. ఆమె కుర్చీ సరిగ్గా ఏసీ గాలి దిగే జాలీ కింద. కనకవల్లికి యాభై రెండేళ్ళు. కూర్చున్నచోటే ఒంట్లోంచి ఆవిర్లు లేచే వయసు. తేన్మొళి వచ్చి ఇరవై ఏడు పెట్టేది. కనకవల్లి మంచినీళ్ళకి లేచినట్టు లేచి పంతొమ్మిది చేసేది.

"ఎవరే మళ్ళీ ఇరవై ఏడు పెట్టింది? ఇదేమన్నా ఇడ్లీ కుండనుకున్నావా, మమ్మల్ని ఉడకబెట్టడానికి?"

"అక్కా, మీరు పంతొమ్మిది పెడితే నాకు శవాన్ని పెట్టే ఐసుపెట్టెలో పడుకున్నట్టుంది. ఇంక పూలదండ ఒక్కటే తక్కువ."

"పచ్చి బాలింతవి, ఒంట్లో వేడి లేకపోవడమేంటే? నేను ముగ్గుర్ని కన్నాను. ఒక్కనాడు వణికానా?"

"మీరు కన్నప్పుడు నెత్తి మీద ఏసీ ఉందా?"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వేవారు. తేన్మొళి నవ్వేది కాదు.

బయట అగ్ని నక్షత్రం రోజులు. రోళ్ళు పగిలే ఎండ అంటారే, అదే. పాడి స్టాపులో షేర్ ఆటో దిగి ఎస్టేటు దాకా నడిచేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయేది. ఆ తడి జాకెట్టుతోనే వెళ్ళి జాలీ కింద కూర్చోవాలి. అరగంటకి చెమట మంచునీళ్ళయ్యేది. షాల్ కప్పుకుని, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని, ఆసుపత్రి బిల్లులు టైపు చేసేది. మధ్యాహ్నం ఫైళ్ళ గదిలో తలుపు వేసుకుని, బరువెక్కిన పాలు స్టీలు గ్లాసులోకి పిండి, కళ్ళు మూసుకుని తొట్టిలో పారబోసేది.

ఆమె భయం చలి గురించి కాదు, పాప గురించి. ఇనియకి పదిహేను రోజులుగా దగ్గు తగ్గలేదు. రాత్రుళ్ళు గుండె మీద చెయ్యి వేస్తే లోపల పిల్లికూతలు. అత్తగారు పేచ్చియమ్మ వామాకు రసం తీసి పోస్తోంది, పసుపుకొమ్ము కాల్చి పొగ వేస్తోంది. చేస్తూ చేస్తూ ఒకటే మాట.

"ఆఫీసు చలి నీ ఒంట్లోకి పోయింది. నీ ఒంట్లోంచి పాలల్లోకి దిగింది. పాలల్లోంచి బిడ్డలోకి పోయింది. ఇంతకంటే ఇంకేం కావాలి నీకు?"

"అలాంటిదేం లేదని డాక్టరు చెప్పాడత్తా."

"డాక్టరు రాత్రి నీ పక్కన పడుకుని వింటున్నాడా ఈ కూతలు?"

తేన్మొళికి అది నిజమేనేమో అని సగం మనసు. ఆఫీసులో ఒక్కో తుమ్ముకీ లెక్కపెట్టుకునేది, ఇదీ బిడ్డకే పోతుందని. శుక్రవారానికి దగ్గు తగ్గకపోతే పని మానుకుంటానని రాసిచ్చి రావాలని అత్తగారు గడువు పెట్టింది. మొగుడు అన్నం కలుపుకుంటూ తలెత్తలేదు.

ఆమె చదువు పన్నెండో క్లాసుతో ఆగిపోయింది. తరవాత టైపు నేర్చుకుని తమిళం, ఇంగ్లీషు రెండిట్లోనూ లోయర్ పరీక్ష పాసైంది. అంతకుముందు చెప్పుల షాపులో చేసింది, బట్టల కంపెనీలో ఇస్త్రీ చేసింది. రెండు చోట్లా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. కుర్చీ ఉన్న ఉద్యోగం ఆమెకి ఇదొక్కటే దొరికింది. ఆ కుర్చీ వదలాలంటే ప్రాణం ఒప్పలేదు.

సోమవారం మేనేజరు సౌందరరాజన్ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

"గురువారం మూడు గంటలకి బొంబాయి హెడ్డాఫీసు నుంచి ఇద్దరొస్తున్నారు. ఆ రోజు షాళ్ళూ మఫ్లర్లూ కనపడకూడదు. చూస్తే ధర్మాసుపత్రి వార్డులా ఉంది. జాలీలకి అట్టముక్కలు అంటించారే, అవీ తీయిస్తాను."

"చలి సార్," అంది తేన్మొళి.

"కంప్యూటర్లు వేడెక్కకూడదమ్మా. మీకంటే అవి సుకుమారం." పెట్టె వైపు వేలు చూపించాడు. "అయినా మీకోసమేగా అది పెట్టించాం? ఎంత కావాలో నొక్కుకోండి. మీలో మీకు కుదరకపోతే నేనేం చేసేది?"

బుధవారం బషీర్ భాయ్ వచ్చాడు. మూడు నెలలకోసారి వచ్చి ఏసీ కడిగి వెళ్ళే మనిషి. నిచ్చెన వేసి తేన్మొళి నెత్తి మీది జాలీ నుంచి అట్టముక్క పీకాడు. గాలి ఒక్కసారిగా కుండతో కుమ్మరించినట్టు పడింది.

"భాయ్, మీకు పుణ్యం ఉంటుంది. ఆ పెట్టెలో ఇరవై ఏడు పెట్టి అక్కడే ఆగిపోయేట్టు బిగించండి. ఈ అక్క చెయ్యి పడకుండా."

"ఆ, బిగిస్తాడు! భాయ్, నువ్వు పంతొమ్మిది దగ్గర బిగించు, నీకు బిర్యానీ వండిపెడతాను," అంది కనకవల్లి.

బషీర్ భాయ్ ఇద్దర్నీ చూశాడు. పెట్టె మీది కుంకుమ చూశాడు. నిచ్చెన దిగి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పి, పెట్టెని స్తంభం నుంచి ఊడదీసి వాళ్ళ చేతిలో పెట్టాడు. వెనక రెండు పెన్సిల్ బ్యాటరీలు తప్ప ఇంకేమీ లేదు. స్తంభంలో బెజ్జం కూడా లేదు.

"వైర్లేవి?" అంది కనకవల్లి.

"ఉంటేగా అక్కా? ఇది ఉత్త పెట్టె. నాలుగేళ్ళ కింద నాతోనే బిగించారు. ఎంత వేడి ఉందో కనిపెట్టే అసలు మెషీను కన్ను సార్ గదిలో ఉంది, ఆయన కుర్చీ వెనక. ఆ గదికి పడమటి అద్దం. మధ్యాహ్నం రెండు దాటితే అది గది కాదు, పెనం. ఆ పెనం చల్లారిందాకా మెషీను ఊదుతూనే ఉంటుంది. ఊదేదంతా మీ నెత్తినే పడుతుంది."

"మరి కంప్యూటర్లు వేడెక్కుతాయన్నారు?" అంది తేన్మొళి.

"పెద్ద మెషీన్లకి వేరే గది ఉంది, వేరే ఏసీ ఉంది. మీ టేబుల్ మీదున్నవి మీ ఇంట్లో టీవీ లాంటివి. టీవీకి దుప్పటి కప్పుతారా, మంచు పోస్తారా?"

కనకవల్లి చేతిలో పెట్టెని అటూ ఇటూ తిప్పింది. ఆ బ్యాటరీలు పోయినప్పుడల్లా కొత్తవి తెచ్చి వేసింది ఆమే. ముక్కుపుడక అదిరింది.

"దీనికోసమా నేను నిన్ను బాలింతవని కూడా చూడకుండా తిట్టింది?"

"నేనూ తక్కువ తిట్టలేదక్కా," అంది తేన్మొళి.

తేన్మొళి పెట్టె తీసుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు, పైగా నవ్వాడు.

"తెలిసిపోయిందా? నిజం వైర్లుంటే మీరు కొట్టుకు చస్తారమ్మా. నొక్కుకుంటే మనసుకి తృప్తి. ఒక అంకె మారితే సగం చలి పోతుంది. పోలేదా నీకు, చెప్పు?"

ఇరవై ఏడు పెట్టిన ప్రతిసారీ కాస్త వెచ్చగా అనిపించిన మాట నిజమే. అది గుర్తొచ్చి తేన్మొళికి సిగ్గుతో చెవులు కాలాయి. చలి కంటే అదే ఎక్కువ కొరికింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పాప మూలుగుతోంది. పేచ్చియమ్మ రాజీనామాకని ఒక తెల్లకాయితం నాలుగు మడతలు పెట్టి కోడలి సంచిలో పెట్టింది.

గురువారం పొద్దున మేనేజరు తలుపు దగ్గర ఒక అట్టపెట్టె పెట్టించి షాళ్ళన్నీ అందులో వేయించుకున్నాడు. తేన్మొళీ వేసింది. భోజనాల వేళకి పదకొండు తుమ్ములు. రెండింటికి బిల్లుల కట్ట వచ్చింది. మొదట పెన్సిలుతో టిక్కులు పెట్టుకుని తరవాత టైపు చేయాలి. పెన్సిలు పట్టుకుంటే వేళ్ళు వంగలేదు. పన్నెండో తుమ్ము వచ్చింది.

లేచింది. సంచి భుజాన వేసుకుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని, చక్రాల కుర్చీని కాళ్ళతో తోసుకుంటూ మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీ పక్కనే, గోడ మీది ఆ కన్ను కింద, కుర్చీ ఆపి టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. అద్దం మీద ఎండ కొడుతోంది. వీపుకి వెచ్చగా తగిలింది.

"ఏంటమ్మా ఇది?"

"షాల్ మీ దగ్గరుంది. మెషీను కన్ను మీ దగ్గరుంది. నేనూ మీ దగ్గరే ఉంటాను సార్. పని ఆగదు, చూసుకోండి."

"లే! ఇంకో గంటలో వాళ్ళొస్తారు."

"రానివ్వండి."

"మెమో ఇస్తాను."

తేన్మొళి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మెమో ఇస్తే తరవాత ఉద్యోగమే పోవచ్చు. పోతే పోయింది, ఎలాగూ రేపు రాసివ్వమన్నారుగా అనుకుంది. తనంతట తాను వదిలి వెళ్ళడం వేరు, వీళ్ళు లాక్కోవడం వేరు. లాక్కుంటే లాక్కోనీ. సంచిలోంచి అత్తగారి తెల్లకాయితం తీసి మడతలు విప్పింది.

"చెప్పండి సార్, రాసుకుంటాను. మెమోలు టైపు చేసేదీ నేనేగా."

"రాసుకో! తేన్మొళి అను నీవు, తేదీ వేసుకో, నీ స్థానం వదిలి..."

"వదిలి..." రాస్తూ తలెత్తింది. "కారణం ఏం రాయను సార్? చలి వేసినందుకు అని రాయనా?"

ఆమె రాసేసింది.

అప్పుడు ఇంకో కుర్చీ చక్రాల చప్పుడు. కనకవల్లి. లోపలికి వస్తూనే ఆమె మెడ మీద చెమట కారింది.

"అబ్బ, ఏం గదయ్యా ఇది, బట్టీ! ఇక్కడ కూర్చుంటే నేను అరగంటలో ఉడుకుతాను. అయినా కూర్చుంటాను. ఆ ఉత్త డబ్బాకి నేను నాలుగేళ్ళు బ్యాటరీలేసి బొట్టు పెట్టాను సార్. నా పేరూ రాయవే అందులో."

తరవాత ఇంకొకతె, ఇంకొకతె. అందరూ రాలేదు. సగం మంది సీట్లలోనే ముడుచుకుని ఆ గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు. వచ్చిన పదకొండు మందితోనే గది నిండింది. ఊపిరి ఆడలేదు. గోడ మీది కన్ను ముప్పై ఒకటి చూపించింది. గది వేడెక్కిన కొద్దీ మెషీను రెట్టింపు రోషంతో ఊదింది. ఆ ఊపు అంతా బయట హాల్లోకే పోయింది. సీట్లలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి ఆ గది గుమ్మంలోకి దూరారు, ఇష్టమై కాదు, తట్టుకోలేక.

బొంబాయి వాళ్ళు సరిగ్గా మూడింటికి వచ్చారు. ఒకాయన, ఒకావిడ. హాల్లో ఒక్క మనిషి లేదు. ఆయన సూటు వేసుకున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడు. ఆవిడ పల్చటి వాయిలు చీర కట్టుకొచ్చింది. నాలుగు అడుగులు వేసి చేతులు చంకల్లో పెట్టుకుంది. అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరి అట్టపెట్టెలోంచి ఒక షాల్ తీసి కప్పుకుంది. అది తేన్మొళిదే.

"ఇంత చలిలో ఎలా పనిచేస్తారు?" అంది ఆవిడ హిందీలో.

"చేయట్లేదు మేడం, అందరూ ఇక్కడున్నాం," అంది కనకవల్లి తనకొచ్చిన మూడు ముక్కల హిందీలో, చెంగుతో విసురుకుంటూ.

మేనేజరు ఏదో చెప్పబోయాడు. తేన్మొళి లేచి, నిన్న ఆయన టేబుల్ మీద వదిలిన వైర్లు లేని పెట్టెని ఆవిడ చేతిలో పెట్టి వెనక్కి తిప్పి చూపించింది. ఆవిడ చూసింది, కుంకుమ కూడా చూసింది. నవ్వు ఆపుకుందో కోపం ఆపుకుందో తెలియలేదు. "ఆ కన్ను హాల్లోకి మార్పించండి" అని ఒక్క మాట అని, రికార్డులు చూడ్డానికి కూర్చుంది. వెళ్ళేదాకా షాల్ తీయలేదు.

శుక్రవారం బషీర్ భాయ్ వచ్చి స్తంభంలో బెజ్జం కొట్టి నిజం వైర్లు లాగి కొత్త పెట్టె బిగించాడు. మేనేజరు తన అద్దానికి తెర తెప్పించుకున్నాడు, తేన్మొళితో మాట మానేశాడు. ఆమె ఎవర్నీ అడగకుండా తన కుర్చీ గోడ వారకి తోసుకుంది. జాలీ కింద చోటు కనకవల్లి తీసుకుని "ఇదే నా కైలాసం" అని కాళ్ళు చాపుకుంది. కొత్త పెట్టెలో ఇరవై అయిదు పెట్టారు. పదినిమిషాలకి కనకవల్లి ఇరవై నాలుగు చేసింది.

"అక్కా!"

"ఒక్కటేనే తగ్గించాను! ఇప్పుడు నొక్కితే పనిచేస్తోంది, నొక్కబుద్ధేస్తోంది."

సాయంత్రం ఇంటి గుమ్మంలోనే పేచ్చియమ్మ అడిగింది. "రాసిచ్చావా?"

"రాశాను." తేన్మొళి కాయితం తీసిచ్చింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "తేన్మొళి అను నీవు... నీ స్థానం వదిలి... చలి వేసినందుకు..." తలెత్తింది. "ఏంటిది? సంతకం లేదే?"

"మేనేజరు పెట్టలేదు. ఇంక పెట్టడు కూడా."

"మరి ఉద్యోగం?"

"సోమవారం వెళ్తాను."

"పిల్లకి మళ్ళీ దగ్గొస్తే?"

తేన్మొళి పాపని తీసుకుని రొమ్ముకి హత్తుకుంది. గుండె మీద చెయ్యి వేసింది. కూత ఇంకా ఉంది, సన్నగా. అది చలి వల్ల వచ్చిందో, పక్కింటి ముగ్గురు పిల్లలూ దగ్గుతుంటే వచ్చిందో ఆమెకీ తెలియదు, అత్తగారికీ తెలియదు.

"వస్తే మందు పోస్తాను, రాత్రంతా మేలుకుంటాను. పొద్దున లేచి ఆఫీసుకి పోతాను," అంది. "ఇంకోసారి తెల్లకాయితం నా సంచిలో పెట్టకండి అత్తా. పెడితే దాని మీద ఏం రాస్తానో నాకే తెలియదు."

పేచ్చియమ్మ కాయితం మడిచింది. పారేయలేదు. దేవుడి పటం వెనక దోపి, వామాకు కోయడానికి పెరట్లోకి వెళ్ళింది.