సబ్బు కట్టు

మిట్టమధ్యాహ్నం ఎండలో మేస్త్రీ పడవ మోటారు మూత తీశాడు. గుప్పున పెట్రోలు వాసన. రేవులో అందరికీ అది పెట్రోలు వాసనే. అతనికి మాత్రం ఆర్నెల్లుగా అది తమ్ముడి వాసన. అన్నం కలుపుకున్నా వస్తుంది, తలంటుకున్నా వస్తుంది. ఇంట్లో ఇంకెవరికీ రాదని భార్య చెప్పి చెప్పి ఊరుకుంది.

పొద్దున్నుంచి ఈ మోటారు ఆగిపోవడం ఇది మూడోసారి. అవతలి ఒడ్డుకు వెళ్లాల్సిన నలభైమంది మూటలతో, చంటిపిల్లలతో నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక గొడుగు కింద పడవ యజమాని.

పాత మోటారుకు కొత్త నీలం రంగు వేశారు. మాడిన మూత మార్చారు. మేస్త్రీ మాత్రం అడుగున పట్టీ మీద చెయ్యి పెట్టగానే పోల్చుకున్నాడు. అక్కడ ఆకురాయితో తాను పెట్టిన గాటు ఉంది. తమ్ముడు సరంగుగా నడిపిన పడవ నడినీళ్లలో కాలి మునిగినప్పుడు యజమాని గజ ఈతగాళ్లను దింపి ఈ మోటారును మొదటిరోజే పైకి తీయించాడు. తమ్ముడు మూడోరోజున తనంతట తనే పైకొచ్చాడు.

ట్యాంకు నుంచి మోటారుకు వెళ్లే గొట్టం మధ్యలో రబ్బరు బల్బు ఉంటుంది. గొట్టం బాగుంటే నాలుగుసార్లు పిండేసరికి బల్బు గట్టిపడి అలాగే నిలవాలి. ఇది గట్టిపడుతోంది, చూస్తుండగానే చేతిలో మెత్తబడిపోతోంది. గొట్టం ఎండి, వంచిన చోటల్లా పగిలింది. రెండు చోట్ల తడి.

కొత్త గొట్టం పట్నంలో దొరుకుతుంది. తేవాలంటే ఒక పూట పడుతుంది. రద్దీ రోజుల్లో గొట్టం కోసం పడవ ఆపడమనేది ఆ రేవులో లేదు. పగులులో బట్టల సబ్బు కూరి, మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించేస్తారు. సబ్బు పెట్రోలుకు కరగదు. కారడం ఆగుతుంది. కారడం ఆగితే బాగుపడినట్టేనని మేస్త్రీ పాతికేళ్లుగా నమ్మాడు. కంటికి కనబడని ఆవిరి మూత కింద చేరుతూనే ఉంటుందని తమ్ముణ్ణి చూశాకే తెలిసింది.

సబ్బు ముక్క తెచ్చింది తమ్ముడి భార్య. ఇప్పుడు ఈ పడవకు సరంగు ఆమే. మొగుడి పని పెళ్లానికి ఇచ్చాడని రేవంతా యజమాని మంచి మనసును మెచ్చుకుంది. ఇచ్చింది సగం కూలికి.

"కానివ్వండి బావగారూ. జనం విసుక్కుంటున్నారు," అంది.

మేస్త్రీ సబ్బు అందుకున్నాడు. బొటనవేలితో పగులులోకి నొక్కబోయి ఆగాడు. దానికి జోలపాడుతున్నావా అని యజమాని గొడుగు కిందనుంచి హాస్యమాడాడు. నలుగురు నవ్వారు.

తమ్ముడు బీడీ ముట్టించి పడవ తగలబెట్టాడని అప్పుడు చెప్పింది కూడా ఈ పెద్దమనిషే. అందరితోపాటు మేస్త్రీ కూడా తలాడించాడు. బిడ్డ పుట్టిన రోజే తన మొగుడు బీడీ మానేశాడని ఆమె ఒక్కతే వాదించింది. రానురాను ఆమెకూ అనుమానం పట్టుకుంది, తనకు తెలియకుండా కాల్చేవాడేమోనని. చచ్చిపోయినవాడి మీద కోపం పెట్టుకుని బతుకుతోంది.

మేస్త్రీ కత్తి తీసి గొట్టాన్ని బల్బుకు అటూ ఇటూ కోసేశాడు.

ఈ మోటారుతో పడవ కదలదన్నాడు. రేపటినుంచి రిపేరు షెడ్డు ముఖం చూడొద్దని యజమాని అరిచాడు. మేస్త్రీ అటు చూడకుండా మరదలివైపు తిరిగాడు.

"వాడు బీడీ ముట్టించలేదమ్మా. ఇదే మోటారు. ఆ రోజు సబ్బు పెట్టింది నేను."

ఆమె వంగి గొట్టం ముక్కల్ని చూసింది.

"ఆయన మిమ్మల్నేమీ అడగలేదా?"

"అడిగాడు. వాసనొస్తోంది అన్నయ్యా అన్నాడు. పర్లేదు పోరా అన్నాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. అతని చేతిలోంచి సబ్బు తీసుకుని నీళ్లలోకి విసిరేసి, పడవలోకి నడిచింది. జనం ఎక్కే బల్లను లోపలికి లాగేసి, ఒడ్డుకు వీపు తిప్పి దాని మీద కూర్చుంది. యజమాని పిలిచాడు. ఆమె తిరగలేదు. పడవ ఎప్పుడు బయల్దేరుతుందని మూటల మధ్యనుంచి ఎవరో ముసలాయన అడిగాడు.

మేస్త్రీ చేతిలో బల్బు మిగిలిపోయింది. అలవాటు కొద్దీ పిండాడు. రెండు చివరలా తెగిన బల్బు గాలి వదిలి, మళ్లీ పీల్చుకుంది.