బడికి రాని పిల్లల మాత్రలు

"చచ్చేది బడికి రాని పసివాళ్లయితే, మీరు మాత్రలు పంచేది బడిలోనా?"

దెఫెన్ అరుపుకి కమ్యూన్ కార్యదర్శి లియావ్ చేతిలో టీ తొణికింది. చైనాలోని ఆ సిచువాన్ కొండల మట్టిలో సెలీనియం అనే ఖనిజం బాగా తక్కువ. అక్కడ పండే మొక్కజొన్నలోనూ అంతే. అది చాలకే పిల్లల గుండెలు ఉబ్బి ఆగిపోతున్నాయని తేల్చిన డాక్టర్లు, వారానికొక మాత్ర మింగించమని సీసాలు పంపారు. నిరుడు వేసవిలో దెఫెన్ నాలుగేళ్ల కొడుకు అలాగే పోయాడు. ఇప్పుడు చంకలో మూడేళ్ల కూతురుంది. మళ్లీ వేసవి వచ్చేస్తోంది.

"కేకలెందుకు వదినా? బడిలో అయితే అందరూ ఒక్కచోట దొరుకుతారు. పంపకం సుళువు."

"సుళువా! పందుల్ని లెక్కపెట్టడానికి గడప గడపకీ తిరుగుతారే! నా పిల్ల దగ్గరికి రావడానికి మీ కాళ్లకేం రోగం?"

గుమ్మం బయట ఆడవాళ్లు పకపకా నవ్వారు. లియావ్ మొహం గంటు పెట్టుకున్నాడు.

"పైనుంచి ఆర్డరు రావాలి."

"ఆర్డరు వచ్చేదాకా వేసవి ఆగుతుందా?" దెఫెన్ కూతుర్ని అతని బల్లమీద కూర్చోబెట్టింది. "ముందు దీని నోట్లో మాత్ర వెయ్యండి. ఆనక సీసా పట్టుకుని నాతో పదండి, బడికి పోని పిల్లలున్న ప్రతి గడపకీ!"