ఊపిరి సంచి

నేను ఒక గాలి సంచిని. గుమ్మడి పిందె అంత ఉంటాను. ఒక చివర మూతికి పెట్టే తొడుగు, ఇంకో చివర ఆక్సిజన్ గొట్టం. మనిషి ఊపిరి తీసుకోలేనప్పుడు నన్ను ఒత్తితే నాలోని గాలి అతని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వదిలితే నేను మళ్లీ ఉబ్బుతాను. అంతే నా చదువు. నన్ను కూడా ఎవరు ఒత్తాలో, ఎవరు ఒత్తకూడదో రాసిపెట్టారంటే మనుషులకు ఎంత తీరిక ఉందో చూడండి.

ఏదో కార్ఖానాలో నన్ను అచ్చు పోశారు. అక్కడ ఒక అమ్మాయి ప్రతి సంచినీ ఒకసారి ఒత్తి, చెవి దగ్గర పెట్టుకుని, గాలి కారడం లేదని తేల్చి డబ్బాలో వేసేది. ఆమె దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. అక్కడి నుంచి శిక్షణ కేంద్రానికి పోయాను. రబ్బరు బొమ్మ మూతికి నన్ను పెట్టి పాఠం చెప్పేవారు. పాఠంలో సగం ఊపిరి గురించి, సగం హద్దుల గురించి. బండి నడిపేవాడు స్ట్రెచర్ మోయాలి. మామూలు అంబులెన్సులో ఉండే టెక్నీషియన్ ఆక్సిజన్ పెట్టొచ్చు, సెలైన్ ఎక్కించొచ్చు, నన్ను ఒత్తొచ్చు. గొంతులోకి గొట్టం దించడం పెద్ద అంబులెన్సు వాళ్ల పని, అదీ డాక్టరు ఫోన్లో సరేనంటేనే. హద్దులు ఉండాలి, కాదనను. చేతకాని చేయి గొట్టం దించితే మనిషి పోతాడు. కానీ ఈ మెట్లు కట్టినవాళ్లు ప్రతి మెట్టు మీదా ఒక మనిషి నిలబడి ఉంటాడనుకున్నారు. మెట్టు ఖాళీగా ఉంటే ఏం చేయాలో ఎక్కడా రాయలేదు.

చివరికి నన్ను ఒక మామూలు అంబులెన్సు గోడకు తగిలించారు. అందులో టెక్నీషియన్ శోభ. నిరుడు దాకా పెద్ద బండిలో పనిచేసింది, డాక్టరు ఫోన్లో ఊ అన్నప్పుడల్లా గొట్టాలు దించింది. చిన్న బండికి బదిలీ కాగానే ఆ పని ఆమెకు నిషేధం. చేతులవే, బండి మారింది. డ్రైవరు సమ్మయ్యను పైలట్ అంటారు. రెక్కలు మాత్రం ఇవ్వలేదు, టైర్లు కూడా అరిగినవే ఇచ్చారు.

ఆ పొద్దున వడ్ల కొనుగోలు కేంద్రం నుంచి కబురొచ్చింది. ఓదెలు అనే రైతు తన వడ్ల కుప్పకు కావలి పడుకుని లేచాడు. లేచాడు గానీ రెప్పలు ఎత్తలేకపోతున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"దండిగనే కొట్టినట్టుండు. పండనియ్యిండ్రి, దిగుతది."

పండనిచ్చారు. ఎండెక్కాక కుప్ప మీది టార్పాలిన్ లేపితే మడతలోంచి కట్లపాము జారిపోయింది. అప్పుడు గాని వాళ్ల నవ్వు ఆగలేదు. కట్లపాము కాటు చీమ కుట్టినంత నొప్పి కూడా పెట్టదు. ముందు రెప్పలను పడుకోబెడుతుంది, తర్వాత నాలుకను, ఆఖరికి ఊపిరిని.

ఓదెలును బండిలోకి ఎక్కించారు. వెంట భార్య రాజవ్వ ఎక్కింది. సగం దారిలో ఆమే చూసింది.

"మేడం, ఈయన పానం కదులుతలేదు! ఊపిరి లేదు!"

శోభ నన్ను గోడ మీంచి లాగింది. ఒక చేత్తో తొడుగును మొహానికి అదిమింది, ఇంకో చేత్తో నన్ను ఒత్తింది. ఓదెలుకు మాసిన గడ్డం, లోపలికి పోయిన చెంపలు. ఒత్తిన గాలంతా పక్కల నుంచి పారిపోతోంది. ఆ తొడుగు బిగబట్టడానికే రెండు చేతులు కావాలి. నన్ను ఒత్తడానికి మూడోది ఎక్కడిది?

ఫోను స్పీకరులో డాక్టరు ఉన్నాడు. "పెద్ద బండి మెయిన్ రోడ్డు మీద మీకు ఎదురొస్తుంది. అందాకా గాలి ఆపొద్దు."

మెయిన్ రోడ్డు వచ్చింది. పెద్ద బండి రాలేదు. దాన్ని ఇంకేదో యాక్సిడెంటుకు మళ్లించారట.

"ఒక్కదాన్ని అయితలేదు సార్. ఇంకో చేయి కావాలె."

"బండి ఆపి పైలట్‌ను వెనక్కి పిలవమ్మా."

"ఆపితే దవాఖాన నడిచొస్తదా సార్?"

బండి గోడ మీద ఎర్రక్షరాలున్నాయి: బంధువులు పరికరాలను తాకరాదు. రాజవ్వకు చదవడం రాదు. శోభకు వచ్చు. శోభ వాటి వంక చూసి, చూపు తిప్పుకుంది.

"అక్కా, ఇటు రా. దీన్ని ఒత్తు."

"అవ్వో! నాకేం ఎరుక మేడం?"

"బర్రె పాలు పిండుతవా?"

"పిండుత."

"గంత జోరు వద్దు. నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకసారి ఒత్తు, ఇడిచిపెట్టు. గంతే."

శోభ రెండు చేతులతో తొడుగు బిగించింది. రాజవ్వ ఒత్తింది. ఓదెలు ఛాతీ లేచింది! కానీ భయంతో ఆమె ఊపిరి ఉరుకుతోంది, దాని వెంట నేనూ ఉరుకుతున్నాను.

"ఏడ్వకక్కా. నువ్వు ఏడిస్తే ఆయనకు గాలి సక్కగ పోదు."

మొగుడు చావు అంచున ఉన్న ఆడదానితో ఈ మాట అనాల్సి వచ్చింది. రాజవ్వ పెదవి కొరికి దుఃఖం మింగింది. నెమ్మదిగా పీల్చింది, నెమ్మదిగా ఒత్తింది. దారంతా ఒక్క మనిషి ఇద్దరి ఊపిరి పీల్చింది.

ఆసుపత్రి ముందు తలుపు తెరవగానే ఫోన్లు పైకి లేచాయి. "పేషెంటు పెండ్లాంతోని పని చేపిస్తున్నరు సూడుండ్రి!" అని ఎవడో వీడియో తీశాడు. తీసినవాళ్లలో ఒక్కడూ స్ట్రెచర్ పట్టలేదు.

లోపల డ్యూటీ డాక్టరు ఓదెలు గొంతులోకి గొట్టం దించి, నన్ను దానికి తగిలించి, పాము మందు ఎక్కించాడు. తర్వాత చుట్టూ చూశాడు.

"వెంటిలేటర్లు ఖాళీ లేవు. విషం దిగేదాకా గాలి ఆగొద్దు. పేషెంటు వాళ్లెవరు? ఒత్తుతూ ఉండండి."

శోభ రాజవ్వ వైపు చేయి చూపింది. "సార్, బండిల ఈమె ముడితే నా కొలువు పోతది. ఈడ మీరే ముట్టుమంటున్నరా?"

"ఇక్కడ ఇంతే తల్లీ. పక్క మంచం చూడు."

పక్క మంచం మీద ఎవరింటి కోడలో. ఆమె ఊపిరి ముసలి మామ పిడికిట్లో ఉంది.

శోభ నన్ను వెనక్కి తీసుకుపోవాలి. ఆసుపత్రి సంచులన్నీ అప్పటికే మంచాల మీద ఉన్నాయి. చేయి చాచింది, ఊడదీయలేక ముడుచుకుంది. నేను లేకుండానే బండి ఎక్కింది. ఆ ఖాళీ కొక్కేనికి ఇంకే ఊరి మనిషి ప్రాణం వేలాడుతుందో ఆమెకు తెలియక కాదు. ఎవరిని చంపాలో తేల్చుకోమనే కొలువు అది.

మధ్యాహ్నానికి ఆ వీడియో చూసి అంబులెన్సుల ఆఫీసు నుంచి సూపర్‌వైజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"అమ్మా, ఆ సంచి మా బండిది. ఎంక్వయిరీకి కావాలె. ట్రైనింగ్ లేనోళ్లు ముట్టుడు ఎంత పెద్ద తప్పో తెలుసా? శోభను డ్యూటీ నుంచి తీసేసినం."

రాజవ్వ ఒత్తుతూనే ఉంది. పలికితే ఒత్తు తప్పుతుంది. వెనకాలే బైకు మీద వచ్చి, మందులకు పోయిన మరిది ఇంకా రాలేదు. పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్లు ముట్టలేదు, ఒంటికి పోలేదు. వేళ్లు కొంకర్లు పోయాయి. ఒక ఒత్తు తేలిపోయింది. ఓదెలు ఛాతీ సగమే లేచింది.

"నీకే చెప్తున్న, ఇనబడ్తలేదా?" అంటూ ఆయన నా మీదికి చేయి చాచాడు.

రాజవ్వ ఆ చేయి పట్టుకుంది. నన్ను అందులో పెట్టి, ఆయన వేళ్లను తన వేళ్లతో మూసి ఒత్తింది.

"ఒత్తు సారూ. ఆపితే సచ్చిపోతడు."

"ఏయ్, నాకు రాదమ్మా!"

"పొద్దుగాల నాకూ రాదు."

గోడ పట్టుకుని మరుగుదొడ్డి వైపు నడుస్తూ పోయింది. వెనక్కి చూడలేదు.

ఆయన నర్సు కోసం మెడ తిప్పాడు. రెండు వార్డులకు నర్సు ఒక్కతే, కనుచూపు మేరలో లేదు. నన్ను వదిలేద్దామని చూశాడు, వదల్లేకపోయాడు. ఏ పనీ ఎరగని మెత్తటి చేయి. ఫైలు చంకలోంచి జారి తడి నేల మీద పడింది, వంగి తీసుకోలేదు. ఒకసారి తడబడ్డాడు, ఇంకోసారి తొందరపడ్డాడు, ఆ తర్వాతిది కుదిరింది.

కట్లపాము కాటుకు ఒళ్లు చచ్చుబడుతుంది గానీ చెవులు పనిచేస్తూనే ఉంటాయి. ఓదెలు వింటున్నాడు, జవాబు చెప్పలేడు. సంజాయిషీ అడగడానికి వచ్చిన మనిషి అతని ముఖం మీదికి వంగి, నన్ను ఒత్తుతూ అడుగుతున్నాడు:

"వస్తుందా అన్నా... గాలి సక్కగ వస్తుందా?"