బూజు పెంచిన కోడలు

కోడలు బూజు పెంచుతోందని మామగారికి తెలియదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేసేవారు.

ఆయనది లేత్ మీద చెక్క తిప్పి గిన్నెలూ బరిణెలూ చేసే పని. షాపులోకి వచ్చే ప్రతి దుంగా ముందు ఆయన వేలి కణుపుల దెబ్బ తినాల్సిందే. ఖంగుమంటే లోపలికి, బొదబొదమంటే పొయ్యి పక్క కుప్పలోకి. కన్నకొడుక్కి ఉలి పట్టడం ఒంటబట్టలేదు గానీ కోడలికి ఇట్టే అబ్బింది. అబ్బి ఏం లాభం? ప్లాస్టిక్ గిన్నెలొచ్చి గిరాకీ కాస్తా పడిపోయింది. "ఇక నావల్ల కాదమ్మాయ్, లేత్ అమ్మేద్దాం" అన్నారాయన. కొనేవాడు శనివారం వస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆమె ప్రాణం ఉసూరుమంటూనే ఉంది.

ఆశంతా ఒక్క దుంగ మీదే. నెలల కిందటే తెల్లటి చెక్క చూసి, తడి ఆకులూ, బూజు పట్టిన పాత ముక్కా జతచేసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, స్నానాలగదిలో వేడినీళ్ళ హీటరు వెనక దాచింది. బూజు చెక్కలోకి పాకుతుంది. ఒక రకం బూజుకి ఇంకో రకం ఎదురైన చోటల్లా, పొలం పంచుకున్న అన్నదమ్ముల్లా మధ్యలో నల్లటి గట్టు వేసుకుంటాయి. ఆ గట్లే గిన్నె మీద గీతలవుతాయి; అలాంటి గిన్నె ఏ ప్లాస్టిక్‌లోనూ రాదు. తొందరపడి తీస్తే గీతలుండవు, ఆలస్యమైతే చెక్కే ఉండదు. ఆమె తన అంచనా కొద్దీ తీసి, షాపులో బల్ల కింద ఆరబెట్టింది.

శనివారం పొద్దున్న చూస్తే బల్ల కింద ఖాళీ.

"మామయ్యగారూ, ఇక్కడి దుంగ ఏదండీ?"

"అదా? బొదబొదమంది, కుప్పలో పడేశా. ఇన్నాళ్ళు నా దగ్గర నేర్చుకుని పుచ్చు కర్ర తెచ్చి పెడతావా? నా పరువు తీశావు కదమ్మాయ్!"

ఆమె పరుగున వెళ్ళి కుప్ప తవ్వి దుంగని బయటికి లాగింది. ఇక దాచి లాభం లేదు.

"దానంతటది పుచ్చలేదండీ. నేనే పుచ్చబెట్టాను."

ఆయన నోరు తెరిచారు. "కావాలనా? రేపు పాలు కూడా కావాలనే విరగ్గొడతావా?"

"ఒక్కసారి తిప్పి చూస్తానండీ."

"నువ్వొద్దు. ముక్కలై మొహాన ఎగిరితే మావాడికి నేనేం సమాధానం చెప్పను? నేనే తిప్పుతా. చూసి బుద్ధి తెచ్చుకో."

బూజు ధూళి పీల్చకూడదని ఆమె ఆయన ముక్కుకి గుడ్డ కట్టబోయింది. "దొంగతనానికి పంపుతున్నావా?" అని విసుక్కుంటూనే కట్టించుకున్నారు.

లేత్ తిరిగింది. బెరడు పోయింది. ఒక పక్క చెక్క పిండిపిండిగా రాలింది. "చెప్పానా!" అన్నారు గుడ్డలోంచి, ఎంత సంబరమో. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఆ మెత్తటిదంతా తీసేద్దామని ఆయన ఉలి ఇంకాస్త లోపలికి పెట్టారు.

ఉన్నట్టుండి లేత్ ఆపేశారు. చెక్క మీద సన్నటి నల్లగీత. మురికేమోనని బొటనవేలితో రుద్దారు. పోలేదు. మళ్ళీ తిప్పారు, ఈసారి ఊపిరి బిగబట్టి. గీత పక్కన గీత, వంపు తిరిగి మరో గీత. గిన్నె చుట్టూ అల్లుకున్నాయి. ఆమె పిలిచినా తిప్పుతూనే ఉన్నారు.

అప్పుడే కొనేవాడు బండీ, ఇద్దరు కూలీలతో సహా దిగాడు.

"పెద్దాయనా, మిషన్ తీసుకెళ్దామని వచ్చాం."

"ఖాళీ లేదు నాయనా" అన్నారాయన తల ఎత్తకుండానే.

"పర్లేదండీ, సాయంత్రం వస్తాం."

"సాయంత్రమూ ఉండదు. మా కోడలికి పనుంది."

అని, లేచి పక్కకి జరిగి, ఉలి ఆమె చేతికిచ్చారు. ఆమెకి కళ్ళనిండా నీళ్ళే, ఎదురుగా ఉన్న గీతలు కూడా సరిగా కనబడలేదు.