ఉమ్మెత్త బిల్లు

పామర్రులో సుధామణి కొడుకు ఉమ్మెత్త గింజలు తిని చనిపోయినప్పుడు ఎమ్మెల్యే హేమసుందర్ నిజంగానే ఏడ్చాడు. ఇంటర్ చదివే కుర్రాడు, మత్తు ఎలా ఉంటుందో చూద్దామని స్నేహితులతో పందెం వేసి తిన్నాడట. రాష్ట్రంలో ఆ మొక్కే లేకుండా నిషేధం తెస్తానని హేమసుందర్ శవం పక్కనే మాటిచ్చాడు.

ఏళ్లు గడిచినా అతని బిల్లు చర్చకు రాలేదు. రెండుసార్లు గెలిచినా మంత్రి పదవి దక్కని మనిషి. లాబీలో తోటి సభ్యులు "ఉమ్మెత్త గారొచ్చారు" అని నవ్వుతుంటే లోపల ఉడికిపోయేవాడు.

"జనానికి ఒక దోషి కనపడాలి సార్. అప్పుడే బిల్లు కదులుద్ది," అన్నాడు పీఏ జయంత్.

అలా ఒక ఉదయం టీవీ వాళ్లను వెంటేసుకుని భవానీపురం వెళ్లారు. చేపలమ్ముకునే పెద్దింట్లమ్మ ఇంటి వెనక ఉమ్మెత్త మొక్కలున్నాయి. హేమసుందర్ వాటిని పీకి కెమెరాల ముందు ఎత్తాడు.

"శివుడి పూజకండీ బాబూ! కార్తీకంలో పూలడుగుతారు..." అంటూ ఆమె దణ్ణం పెట్టింది.

ఆ మాట అతనికి స్పష్టంగానే వినపడింది. అయినా, "పిల్లల ప్రాణాలు తీసే వ్యాపారం ఇలాంటి ఇళ్లలోనే నడుస్తోంది," అన్నాడు. గొంతు వణికించాడు కూడా.

సాయంత్రానికి ఆమె ముఖం అన్ని చానళ్లలోనూ ఉంది. పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లి, కేసేమీ లేక పంపేశారు. అది మాత్రం ఎవరూ చూపలేదు. ఆ విడత అసెంబ్లీ సమావేశాల్లోనే బిల్లు చర్చకొచ్చి సభాసంఘానికి వెళ్లింది.

పామర్రులో అతనికి సన్మానం పెట్టారు. సుధామణి చేత శాలువా కప్పించాలని ఆమెను వేదిక మీదికి పిలిచారు. ఆమె శాలువా అందుకోలేదు. దగ్గరికొచ్చి, అతనొక్కడికే వినపడేలా అడిగింది.

"మావాడు కాలవ గట్టు మీద మొక్కల నుంచి కాయలు కోసుకున్నాడని ఆ రోజే చెప్పాను కదండీ. మాకెవరూ అమ్మలేదు. ఆవిడనెందుకండీ అలా చేశారు?"

చెప్పింది. అతనికి గుర్తుంది. మెడలో దండలు తీసి పక్కన పెట్టాడు.

జయంత్ ఎంత వద్దన్నా వినకుండా మర్నాడు విలేకరులను పిలిచి, తను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాడు. ఒక పత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసింది. చానళ్లు అదీ చేయలేదు.

ఇక తనే చేపల బజారుకి వెళ్లాడు. చుట్టుపక్కల తట్టలు ఖాళీ అవుతుంటే పెద్దింట్లమ్మ తట్ట నిండుగా ఉంది. అతణ్ణి చూడగానే ఆమె కంగారుగా లేచింది.

"మళ్లీ ఏం చేశాను బాబూ?"

"నువ్వేం చేయలేదమ్మా. నేనే అబద్ధం చెప్పాను. ఇక్కడ అందరి ముందూ ఆ మాట చెబుదామని వచ్చాను."

జనం మూగారు. అప్పుడే ఆమె తట్ట దగ్గర వంగిన ఒకావిడ, పట్టుకున్న చేపను వదిలేసి పక్కకు జరిగింది. పెద్దింట్లమ్మ అది చూసింది.

"మీరు నుంచుంటే మళ్లీ ఏదో జరిగిందనుకుంటారు బాబూ. ఆ ఒక్క బేరమూ పోయింది. మీకు పుణ్యముంటుంది, ఎళ్లిపోండి."

అతను వెళ్లిపోయాడు. ఆ నెలలో సభాసంఘం ముందు ఆమె పేరు చెప్పి, తన ఆరోపణ అబద్ధమని రాసుకోమన్నాడు. రాసుకున్నారు. బిల్లు అక్కడే ఉండిపోయింది. అలా రాయించిన సంగతి పెద్దింట్లమ్మకు వెళ్లి చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. కొండపల్లి వెళ్లాల్సి వస్తే, భవానీపురం తగలకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్లమని డ్రైవర్‌తో చెప్పేవాడు.