గాలిమోటరు దొర ఆకలి

పెళ్లప్పటి నుంచి షోకేసు దాటని పింగాణీ కప్పులు ఆ రోజు హుస్నా చేతుల్లో సబ్బు నీళ్లకొచ్చాయి.

"జర పైలం! ఒక్కటి పగిలినా సెట్టు ఖరాబైతది," అంది గుమ్మంలో నిలబడ్డ అత్త లతీఫున్నీసా. "ఇంగ్లాండు కెల్లి వచ్చే ఆమెకు స్టీలు గిలాసల ఇస్తమా మరి?"

పదహారేళ్లుగా ఈ ఇంట్లో ఒక్క మాట కూడా పడకుండా ఉన్నవి ఈ కప్పులే అనుకుని హుస్నా నవ్వుకుంది.

వచ్చే ఆమె హెలెన్. రెండో ప్రపంచ యుద్ధం నాడు శ్రీరాంపూర్ అవతల అడవంచు పల్లె దగ్గర బాంబర్ విమానం కూలి ఆరుగురు సైనికులు పోయారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాడు, ఇరవై ఏళ్ల ఆర్థర్ ఆమెకు మేనమామ. ఆ సంగతి మీద హుస్నా భర్త, బడిలో సోషల్ చెప్పే ఫయాజ్ పుస్తకం రాశాడు. రాశాడంటే రాశాడు! ఏఎన్ఎం ఉద్యోగంలో బీపీ మిషను పట్టుకుని ఆ పల్లెలో గడపగడపా తిరిగిందెవరు? ముసలమ్మల చేతికి పట్టీ చుట్టి, "గాలిమోటరు పడ్డ నాడు ఏమైందవ్వా?" అని అడిగిందెవరు? ఇంటికొచ్చి రొట్టెలు చేసి, అంట్లు తోమి, ఆ తడి చేత్తోనే నోటుబుక్కులో రాసిందెవరు? సొమ్మొకడిది, సోకొకడిది. పుస్తకం మొదట్లో "వేళకు చాయ్ అందించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు" అని అచ్చయింది. పేరైనా లేదు.

దాన్నీ ఓర్చుకుంది. ఆ పల్లెలో దేవవ్వ చెప్పిన ముచ్చటను ఫయాజ్ కొట్టేయడమే ఓర్చుకోలేకపోయింది.

"అందరు సచ్చిపోయిన్రనుకున్నరు బిడ్డా," అని చెప్పింది తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ దేవవ్వ. "మా అవ్వ శంకరవ్వ, నన్ను గన్న తల్లి, కట్టెలకు పోతే అందర్ల చిన్నగ కనవడ్డ దొరకు పానమున్నది. ‘మమ్, మమ్’ అంటుండు. పసిపోరగాండ్లు మమ్మం అడిగినట్టే. గసుంటి దొర ఆకలికి పసిపిల్లగాడైండని మా అవ్వకు ఏడుపొచ్చింది. ఇంటికి ఉరికొచ్చి జొన్న గట్క తీస్కపోయి, ఒళ్లె తలవెట్టుకొని తినవెట్టింది. రెండు బుక్కలు మింగిండు. మూడోది మింగలే."

ఫయాజ్ ఆ పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. "రికార్డుల అందరు అక్కడ్నే పోయిన్రని ఉన్నది. ముసలామె ముచ్చట చరిత్రయితదా? ఇంగ్లీషోడు మమ్మం అడిగిండంటే నలుగురు నవ్వుతరు."

ఇంగ్లీషువాడికి మన పసిపిల్లల మాట ఎలా వస్తుంది? దేవవ్వ మీద హుస్నాకూ అనుమానం కలిగింది. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

హెలెన్ వచ్చింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్లు. అందరూ కూర్చున్నారు. హుస్నా నిలబడి చాయ్ పోస్తోంది. హెలెన్ ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఆఖర్ల ఆయన పక్కన ఎవరన్న ఉన్నరా అని అడుగుతుంది," అని తల్లికి చెప్పి, హెలెన్‌కు తనే జవాబిచ్చాడు ఫయాజ్. అందరూ క్షణంలో పోయారనీ, ఎవరూ లేరనీ.

హెలెన్ తలూపి సంచీలోంచి మాసిన ఉత్తరాల కట్ట తీసింది. ఆర్థర్ ఇంటికి రాసినవి. పై ఉత్తరం మొదటి వరుస మీద వేలు పెట్టి చదివింది: "డియర్ మమ్..."

హుస్నా చెయ్యి ఆగలేదు. చాయ్ కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీదికి కారింది.

"అయ్యో, చూస్కోవా!" అంది లతీఫున్నీసా.

"మమ్ మీన్స్... మదర్?" అని హుస్నా నేరుగా హెలెన్‌నే అడిగింది. ఇక్కడి పిల్లలు మమ్మీ అంటారు కాని, ఈ సగం మాట తనెన్నడూ వినలేదు. హెలెన్ అవునంది.

"హుస్నా, లోపటికి పో. ఇంకో కప్పు పట్టుకరా," అన్నాడు ఫయాజ్.

"చాయ్ మీరు తీస్కరాండ్రి. నాకు మాట్లాడేదున్నది."

ఆమె హెలెన్ పక్క కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటికి వచ్చిన వాళ్ల ముందు ఆమె కూర్చోవడం అదే మొదలు. బీపీ చూసేటప్పుడు పట్టుకున్నట్టే హెలెన్ చెయ్యి పట్టుకుంది. దవాఖానలో డాక్టర్లతో మాట్లాడే ఆ కాసింత ఇంగ్లీషునే కూడదీసుకుంది.

"ఆయన అమ్మను పిలిచాడు మేడమ్," అంది. "అమ్మ వచ్చింది. ఆమె పేరు శంకరవ్వ."